కొత్త రికార్డుకు ఒక రూల్, పాత రికార్డుకు ఇంకో రూల్: మా చిన్నాయన మొబైల్ షాపు నేర్పిన పాఠం

ఈసారి ఫోన్ రివ్యూ కాదు. కానీ ఫోన్ గురించే. ఇంకా చెప్పాలంటే ఫోన్‌లో ఉండే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ గురించి, నేను రాసిన ఒక చెత్త వ్యాలిడేషన్ రూల్ గురించి.

మాది నల్లమాడ. ఊర్లో మా చిన్నాయనకు చిన్న మొబైల్ షాపు ఉంది. రీఛార్జ్‌లు, టెంపర్డ్ గ్లాసులు, వీటితో పాటు సెకండ్ హ్యాండ్ ఫోన్లు కొని అమ్ముతాడు. 2021లో బీటెక్ చదువుతూ లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్నప్పుడు, ఆయన నోట్‌బుక్‌లో రాసుకునే లెక్కలకు ఒక చిన్న వెబ్ యాప్ చేసిచ్చా. ఫోన్ కొన్నప్పుడు ఒక ఎంట్రీ వేయాలి: ఐఎంఈఐ, మోడల్, అమ్మినవాళ్ల పేరు, ఐడీ ఫోటో, కొన్న రేటు. అదే ఫోన్ ఇంకొకరికి అమ్మినప్పుడు ఆ ఎంట్రీ ఓపెన్ చేసి, కొన్నవాళ్ల పేరు, షాపు వారంటీ తేదీ నింపి సేవ్ కొట్టాలి. బిల్లు ప్రింట్ అవుతుంది. అంతే.

2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వం సంచార్ సాథీ పోర్టల్ తెచ్చింది. పోయిన ఫోన్‌ను ఐఎంఈఐ ద్వారా దేశమంతా బ్లాక్ చేయించే సౌకర్యం అందరికీ అందింది. అప్పటికి నేను బెంగళూరులో ఉద్యోగంలో చేరా. 'మన రిజిస్టర్‌లో కూడా ఒకే ఐఎంఈఐ రెండుసార్లు ఎక్కకూడదు' అనుకుని, ఒక శనివారం రాత్రి ఆ ఫీల్డ్‌కు యూనిక్ రూల్ పెట్టేశా. కొత్త ఎంట్రీ వేసి టెస్ట్ చేశా. పని చేసింది. పడుకున్నా.

ఆ దసరాకు ఊరికొచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది.

షాపు దగ్గరికి ఒక అన్న వచ్చాడు. మా దగ్గర కొన్న ఫోన్ కదిరి బస్సులో పోగొట్టుకున్నాడు. యూపీఐ, బ్యాంక్ మెసేజ్‌లు అన్నీ అందులోనే. పోలీస్ కంప్లైంట్ ఇవ్వాలన్నా, సంచార్ సాథీలో బ్లాక్ చేయించాలన్నా ఐఎంఈఐ కావాలి. సెకండ్ హ్యాండ్ ఫోన్ కాబట్టి బాక్స్ లేదు. ఉన్నదల్లా మా బిల్లు. బిల్లులో నంబర్ చూసి నేను ఊరికే ఒక చెక్ రన్ చేశా. అది అసలు ఐఎంఈఐయే కాదని తేలింది!

"చిన్నాయనా, ఈ నంబర్ ఎక్కడిది?" అంటే ఆయన ఏమాత్రం తడబడకుండా చెప్పాడు: "ఏం సేద్దామురా, నీ యాప్ ముందుకు పోనీలేదు. 'ఈ నంబర్ ఆల్రెడీ ఉంది' అంటాది. ఉండేదే కదా, నేనే ఎక్కించినా కదా! నువ్వు చూస్తే కొత్త ఉద్యోగంలో ఉంటివి, యాల ఇబ్బంది పెట్టాల అని కడాకు ఉండే అంకె ఒకటి మార్చినా. సేవ్ అయిపాయ."

తప్పు ఆయనది కాదు. నాది. నా రూల్ నిజమైన నంబర్‌ను ఆపేసి, అబద్ధపు నంబర్‌ను లోపలికి రానిచ్చింది. అదెలా జరిగిందో, మీ ప్రాజెక్టుల్లో జరగకుండా ఎలా చూసుకోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

క్రియేట్ వేరు, అప్‌డేట్ వేరు: ఎందుకు?

మీలో చాలామందికి 18 నిండగానే ఓటరు కార్డుకు అప్లై చేసిన అనుభవం ఉంటుంది. కొత్త ఓటరుకు ఫారం 6. ఉన్న ఓటరు అడ్రస్ మార్చుకోవాలన్నా, తప్పు దిద్దుకోవాలన్నా ఫారం 8. రెండూ ఒకే ఓటర్ల జాబితా కోసమే, కానీ ఫారాలు వేరు. ఎందుకంటే అడిగే ప్రశ్నే వేరు.

క్రియేట్ అప్పుడు సిస్టమ్ అడిగేది: "ఈ కొత్త రికార్డు లోపలికి రావడానికి అన్నీ సరిగ్గా ఉన్నాయా?"

అప్‌డేట్ అప్పుడు అడగాల్సింది: "ఇప్పటికే లోపల ఉన్న ఈ రికార్డులో ఈ మార్పు చేయవచ్చా?"

మనం చేసే పొరపాటు ఏంటంటే, ఎడిట్ పేజీకి కూడా మొదటి ప్రశ్ననే కాపీ పేస్ట్ చేస్తాం. ఫారం ఒకేలా కనిపిస్తుంది కాబట్టి రూల్స్ కూడా ఒకటే అనుకుంటాం. నేనూ అదే చేశా. నాలుగు చోట్ల దెబ్బ తిన్నా.

దెబ్బ 1: తన నంబర్ తనకే అడ్డం

యూనిక్ రూల్ లోపల జరిగేది చాలా సింపుల్. ఫారంలో వచ్చిన ఐఎంఈఐతో టేబుల్‌లో ఇంకో రో ఉందా అని వెతుకుతుంది. ఉంటే ఎర్రర్. కొత్త ఎంట్రీకి ఇది కరెక్ట్. కానీ ఎడిట్ చేసేటప్పుడు ఆ నంబర్ టేబుల్‌లో ఉంటుంది కదా! ఉన్నది మనం ఎడిట్ చేస్తున్న రోలోనే. అంటే రికార్డు తనతో తనే గొడవ పడుతోంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. డేటాబేస్‌లో పెట్టే యూనిక్ ఇండెక్స్‌కు ఈ సమస్య లేదు. ఒక రో తన పాత విలువనే మళ్లీ రాసుకుంటే డేటాబేస్ ఏమీ అనదు. సమస్యంతా దానికి ముందు మన కోడ్ చేసే చెకింగ్‌లోనే. పరిష్కారం ఒక్క మాటలో: "ఈ నంబర్ ఉన్న రో ఏదైనా ఉందా" అని కాకుండా, "ఈ రో కాకుండా ఈ నంబర్ ఉన్న ఇంకో రో ఉందా" అని అడగాలి.

- లారావెల్‌లో యూనిక్ రూల్‌కు ఇగ్నోర్ అని ఉంటుంది. ఎడిట్ చేస్తున్న రికార్డు ఐడీ దానికి ఇవ్వాలి. ఆ ఐడీ యూజర్ పంపిన ఫారం డేటా నుంచి తీసుకోకండి, డేటాబేస్ నుంచి తెచ్చిన మోడల్‌లోదే ఇవ్వండి. లేకపోతే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు తలుపు తీసినట్టే.
- జాంగో మోడల్‌ఫారంకు పాత రికార్డును ఇన్‌స్టాన్స్‌గా పాస్ చేస్తే, యూనిక్ చెక్‌లో దాన్ని అదే పక్కన పెడుతుంది. పాస్ చేయడం మర్చిపోతే దాన్ని కొత్త రికార్డు అనుకుని ఎర్రర్ ఇస్తుంది.
- రైల్స్‌లో ఇది మామూలుగానే జరుగుతుంది. సేవ్ అయి ఉన్న రికార్డు తనను తాను లెక్కలోకి తీసుకోదు.

నేనేమో ఏ ఫ్రేమ్‌వర్క్ రూల్ వాడకుండా చేత్తో క్వెరీ రాశా. ఐడీ మినహాయింపు మర్చిపోయా. ఒక్క కండిషన్, నాలుగు నెలల డేటా!

ఇంకో మాట. కోడ్‌లో చెక్ ఉంది కదా అని డేటాబేస్‌లో ఇండెక్స్ మానేయకండి. ఇద్దరు ఒకే క్షణంలో ఒకే నంబర్‌తో సేవ్ కొడితే, కోడ్‌లో చెక్ ఇద్దరికీ "లేదు, ఓకే" అని చెప్పేస్తుంది. చివరి కాపలా డేటాబేస్‌దే. కోడ్‌లో చెక్ ఉండేది యూజర్‌కు అర్థమయ్యే మెసేజ్ ఇవ్వడానికి.

పోయిన అంకె ఎలా దొరికింది?

ఈ భాగం గ్యాడ్జెట్ ప్రియుల కోసం. ఐఎంఈఐలో మొదటి 8 అంకెలు ఫోన్ మోడల్‌ను చెబుతాయి. తర్వాతి 6 ఆ సెట్ సీరియల్ నంబర్. చివరిది, అంటే 15వ అంకె, మిగతా 14 అంకెల నుంచి లెక్కగట్టి వచ్చే చెక్ డిజిట్. ఈ లెక్కను లూన్ అల్గారిథమ్ అంటారు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ దీనికి 1954లో పేటెంట్ అప్లై చేశాడు. మన డెబిట్ కార్డు నంబర్లలో కూడా ఇదే ఉంటుంది.

ఉదాహరణకు 49015420323751 అనే 14 అంకెలు తీసుకోండి.

1. ఎడమ నుంచి 2, 4, 6... ఇలా సరి స్థానాల్లో ఉన్న అంకెల్ని రెట్టింపు చేయాలి. రెండంకెల సంఖ్య వస్తే ఆ రెండింటినీ కూడాలి. 9 రెట్టింపు 18, అంటే 1+8=9. ఇలా చేస్తే 9, 2, 8, 0, 4, 5, 2 వస్తాయి. మొత్తం 30.
2. బేసి స్థానాల్లో ఉన్నవి 4, 0, 5, 2, 3, 3, 5. మొత్తం 22.
3. రెండూ కలిపితే 52. తర్వాతి పదుల సంఖ్య 60. తేడా 8. అదే 15వ అంకె.

ఏ ఒక్క అంకె మారినా ఈ లెక్క తప్పుతుంది. అందుకే బిల్లులో నంబర్ తప్పని నాకు వెంటనే తెలిసింది. మా అదృష్టం ఏంటంటే, చిన్నాయన ప్రతిసారీ మార్చింది చివరి అంకెనే! మొదటి 14 అంకెలు భద్రంగా ఉన్నాయి కాబట్టి 15వది లెక్కగట్టేశా. సరైనదేనా అని 14422కు మెసేజ్ పంపి చూశాం. ఇంగ్లీష్‌లో కేవైఎం అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, 15 అంకెలు పంపితే ఆ ఫోన్ బ్రాండ్, మోడల్ వివరాలు వస్తాయి. ఆ అన్న కొన్న మోడలే వచ్చింది. సరిచేసిన బిల్లు ఇచ్చాం, కంప్లైంట్ ఇచ్చాడు, ఫోన్ బ్లాక్ అయింది. ఫోన్ మాత్రం తిరిగి దొరకలేదు.

ఆ రాత్రి కూర్చుని, ఆ నాలుగు నెలల్లో అమ్మిన ఫోన్లన్నిటికీ ఇదే లెక్క వేసి సరిచేశా. చిన్నాయన మధ్యలో అంకె ఏదైనా మార్చి ఉంటే, నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. తేలిగ్గా పెట్టగలిగిన లూన్ చెక్‌ను పెట్టకుండా, "15 అంకెలు ఉన్నాయా" అని మాత్రమే చూసి వదిలేశా. పెట్టాల్సిన రూల్ పెట్టలేదు, పెట్టకూడని చోట రూల్ పెట్టా.

దెబ్బ 2: ఖాళీగా వదిలితే అర్థమేంటి?

ఫోన్ కొన్నప్పుడు అమ్మినవాళ్ల ఐడీ ఫోటో తప్పనిసరి. దొంగ ఫోన్ కొన్నామని రేపు ఎవరైనా వస్తే అదే మనకు ఆధారం. కానీ ఎడిట్ పేజీలో ఆ ఫోటో ఫీల్డ్ ఖాళీగా కనిపిస్తుంది. సెక్యూరిటీ కోసం బ్రౌజర్లు ఫైల్ ఫీల్డ్‌ను ముందుగా నింపనివ్వవు. ఫలితం: అమ్మేటప్పుడు మళ్లీ ఫోటో అడుగుతోంది. పాత యజమాని ఎప్పుడో వెళ్లిపోయాడు, ఫోటో ఎక్కడి నుంచి తెస్తాం?

దానికి నేను చేసిన రిపేర్ ఇంకా ఘోరం. తప్పనిసరి అనేది పూర్తిగా తీసేశా. అప్పుడు రెండు జరిగాయి. ఒకటి, కొత్త ఎంట్రీలు కూడా ఫోటో లేకుండా సేవ్ అవ్వడం మొదలైంది. రెండు, ఎడిట్‌లో ఖాళీగా వచ్చిన విలువ వెళ్లి పాత ఫోటో లింక్‌ను చెరిపేసింది.

పాస్‌వర్డ్ ఫీల్డ్‌కు కూడా సరిగ్గా ఇదే కథ. రిజిస్టర్ అయ్యేటప్పుడు తప్పనిసరి. ప్రొఫైల్ ఎడిట్‌లో ఖాళీగా వదిలితే "పాతదే ఉంచు" అని అర్థం.

ఇక్కడ మూడు పరిస్థితుల్ని వేరుచేయాలి:

- ఫీల్డ్ అసలు రాలేదు: ముట్టుకోవద్దు, పాతదే ఉంచాలి.
- ఫీల్డ్ ఖాళీగా వచ్చింది: కావాలని చెరిపారా, నింపలేదా? ఫీల్డ్‌ను బట్టి మీరే తేల్చుకోవాలి. ఫోటో, పాస్‌వర్డ్ అయితే పాతదే ఉంచాలి. 'ఇతర వివరాలు' లాంటిదైతే చెరపవచ్చు.
- ఫీల్డ్ విలువతో వచ్చింది: క్రియేట్ అప్పుడు ఎంత గట్టిగా చెక్ చేస్తామో ఇక్కడా అంతే.

ఏపీఐలు రాసేవాళ్లకు పుట్, ప్యాచ్ తేడా ఇక్కడే ఉపయోగపడుతుంది. పుట్ అంటే రికార్డు మొత్తం ఇస్తున్నా, పాతదాని స్థానంలో పెట్టు అని. ప్యాచ్ అంటే ఈ మార్పులు మాత్రమే చెయ్యి అని. ప్యాచ్ 2010లో ప్రమాణంగా వచ్చింది. లారావెల్‌లో 'సమ్‌టైమ్స్' రూల్, జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌లో 'పార్షియల్' ఆప్షన్ చేసే పని ఇదే: వచ్చిన ఫీల్డ్‌లనే చెక్ చేయడం.

దెబ్బ 3: నిన్న సరైన తేదీ ఇవాళ తప్పు

షాపు వారంటీ చివరి తేదీ ఇవాళ్టి తర్వాతే ఉండాలని రూల్ పెట్టా. అమ్మే రోజు అది కరెక్టే. మూడు నెలల తర్వాత కస్టమర్ ఫోన్ నంబర్ మారిందని ఎడిట్ చేయబోతే, "వారంటీ తేదీ గడిచిపోయింది" అని ఆపేసింది. గడిచిపోవడం తప్పా? తేదీ పని అదే కదా!

'ఇవాళ'తో పోల్చే ఏ రూల్ అయినా కాలంతో పాటు పాడవుతుంది. అలాంటి రూల్‌ను ఆ ఫీల్డ్ మారినప్పుడు మాత్రమే చూడాలి. లేదా ఇవాళ్టితో కాకుండా ఆ రికార్డులోనే ఉన్న అమ్మిన తేదీతో పోల్చాలి. రెండో పద్ధతి బెటర్, ఎందుకంటే అది ఎప్పుడు చూసినా నిజమే.

దెబ్బ 4: రూల్ కొత్తది, రికార్డు పాతది

ఇది మా ఊరికే ప్రత్యేకం. నేను యాప్ రాసినప్పుడు నల్లమాడ అనంతపురం జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. నల్లమాడ, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి ఇవన్నీ పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. నేను కొత్త లిస్ట్ ఎక్కించి, మండలం జిల్లాకు సరిపోవాలని రూల్ కూడా పెట్టా. గర్వంగా ఫీలయ్యా.

అంతే, 2022కు ముందు వేసిన ఎంట్రీలన్నీ ఎడిట్ కాకుండా బిగుసుకుపోయాయి. వాటిలో నల్లమాడ పక్కన అనంతపురం ఉంది. వేసిన రోజున అది పక్కా నిజం. కానీ కొత్త రూల్‌కు అది తప్పు. కస్టమర్ పేరులో అక్షరం దిద్దాలన్నా, ముందు జిల్లా దిద్దమంటుంది.

మన రవాణా శాఖ దీన్ని ఎలా చేసిందో చూడండి. అనంతపురం జిల్లా బండ్లకు ఏపీ 02 ఉండేది. 2019లో జిల్లా కోడ్‌లు పోయి రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చింది. కానీ కొత్త బండ్లకే. పాత ఏపీ 02 బండ్లు ఇప్పటికీ అదే నంబర్‌తో తిరుగుతున్నాయి. తెలంగాణలో 2024 మార్చిలో టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడూ అంతే. పాత టీఎస్ ప్లేట్లు చెల్లుతాయి. రూల్ క్రియేట్‌కు పెట్టారు, ఉన్న రికార్డుల్ని కదిలించలేదు.

కోడ్‌లోకి దీన్ని తెస్తే: కొత్త రూల్‌ను కొత్త రికార్డులకు, ఆ ఫీల్డ్ మారిన పాత రికార్డులకు మాత్రమే వర్తింపజేయండి. లేదంటే రూల్ మార్చే రోజే ఒక మైగ్రేషన్ రాసి పాత డేటా మొత్తం సరిచేయండి. ఈ రెండింటిలో ఏదో ఒకటి. రెండూ చేయకుండా యూజర్ నెత్తిన పెట్టకండి.

కొన్ని అసలు మారనే కూడదు

ఇప్పటిదాకా అప్‌డేట్‌కు రూల్ సడలించడం గురించే చెప్పా. కానీ కొన్నిసార్లు అప్‌డేట్ రూలే గట్టిగా ఉండాలి. ఆధార్ దీనికి మంచి ఉదాహరణ. ఎన్‌రోల్ అయ్యేటప్పుడు పేరు, పుట్టిన తేదీ నమోదు చేస్తారు. తర్వాత పేరు మార్చుకోవడానికి రెండుసార్లే అవకాశం, పుట్టిన తేదీకి ఒక్కసారే. ఇంకోవైపు, ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు, ఐరిస్ లేకుండానే ఆధార్ ఇస్తారు. ఐదేళ్లు నిండాక ఒకసారి, 15 ఏళ్లకు ఒకసారి బయోమెట్రిక్ అప్‌డేట్ తప్పనిసరి. అంటే క్రియేట్ అప్పుడు అడగనిది అప్‌డేట్‌లో అడుగుతున్నారు.

మా రిజిస్టర్‌లో ఐఎంఈఐ అలాంటిదే. ఫోన్ చేతులు మారుతుంది గానీ దాని నంబర్ మారదు. అమ్మే పేజీలో ఆ ఫీల్డ్ ఎడిట్ అయ్యేలా ఉంచడమే నా పెద్ద తప్పు. ఇప్పుడు అది చూడటానికి మాత్రమే కనిపిస్తుంది. టైపింగ్ తప్పు దిద్దాల్సి వస్తే వేరే బటన్ ఉంది. కారణం రాయాలి, లూన్ చెక్ దాటాలి, పాత విలువ, మార్చిన తేదీ లాగ్‌లో పడతాయి. స్క్రీన్ మీద ఫీల్డ్‌ను లాక్ చేస్తే సరిపోదు, సర్వర్ వైపు కూడా దాన్ని తీసుకోకూడదు.

మీ ప్రాజెక్టుకు చెక్‌లిస్ట్

ప్రతి ఫీల్డ్‌కు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి:

1. క్రియేట్‌లో ఇది తప్పనిసరా? అప్‌డేట్‌లో రాకపోతే ఏం చేయాలి?
2. ఇది యూనిక్ అయితే, ఎడిట్‌లో తన రోను మినహాయించానా?
3. ఈ రూల్ ఇవాళ్టి తేదీ మీద ఆధారపడుతోందా?
4. రూల్ మారితే పాత రికార్డుల సంగతేంటి?
5. సేవ్ అయ్యాక ఇది మారవచ్చా? మారితే ఎవరు, ఎలా?

కోడ్ అమరిక విషయానికొస్తే, రెండు రూల్ సెట్‌లను పూర్తిగా విడివిడిగా రాస్తే ఒకటి మార్చి ఇంకోటి మర్చిపోతాం. ఒకే దాంట్లో ఇఫ్‌లు పెడుతూ పోతే కొన్నాళ్లకు మనకే అర్థం కాదు. నేను ఇప్పుడు వాడే పద్ధతి: ఎప్పుడూ నిజమైన రూల్స్, అంటే 15 అంకెలు, లూన్ చెక్ లాంటివి, ఒకచోట. క్రియేట్‌కు, అప్‌డేట్‌కు ప్రత్యేకమైనవి చెరొక చోట. రైల్స్‌లో అయితే రూల్ పక్కన ఆన్ క్రియేట్, ఆన్ అప్‌డేట్ అని రాస్తే చాలు.

టెస్టుల్లో అన్నిటికన్నా ముందు రాయాల్సింది ఒకటుంది: పాత రికార్డు ఓపెన్ చెయ్యి, ఏమీ మార్చకుండా సేవ్ కొట్టు. అది సేవ్ కాకపోతే మీ రూల్స్‌లో తప్పుంది. ఈ ఒక్క టెస్ట్ ఆ శనివారం రాత్రి నేను చేసి ఉంటే, ఈ ఆర్టికల్ రాయాల్సిన పని ఉండేది కాదు.

మనం పెట్టిన రూల్ అడ్డం వచ్చినప్పుడు యూజర్ బగ్ రిపోర్ట్ రాయడు. కౌంటర్ ముందు కస్టమర్ నిలబడి ఉంటాడు. ఏది టైప్ చేస్తే సేవ్ అవుతుందో అది టైప్ చేస్తాడు. అలా వచ్చిన అబద్ధం మన డేటాబేస్‌లో నిజంలాగే కూర్చుంటుంది.

చివరగా, సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనే ప్రతి ఒక్కరికీ ఒక మాట. డబ్బులు ఇచ్చే ముందు *#06# డయల్ చేయండి. స్క్రీన్ మీద వచ్చిన నంబర్, బిల్లు మీద ఉన్న నంబర్ చివరి అంకె దాకా ఒకటేనా చూసుకోండి. మా షాపులో కొన్నా సరే!